ఢాకాలో ఎగిరే అర్జెంటీనా జెండా ఎవరిది?

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. దోహాలో మీ గదిలో ఆరుగురు ఉంటారని రాశారు: జగిత్యాల జిల్లా నుంచి మీరు, ముగ్గురు బంగ్లాదేశీయులు, ఇద్దరు మలయాళీలు. అర్జెంటీనా ఓడిన రోజున బంగ్లాదేశ్ మిత్రుడు అన్నం ముట్టలేదు. కంటితో చూడని దేశం కోసం ఇంత దుఃఖం ఎందుకన్నది మీ మొదటి ప్రశ్న. ఈ అభిమానం సరిహద్దులు దాటి మనుషుల్ని నిజంగా కలుపుతుందా, ఆట ముగియగానే ఆరిపోతుందా అన్నది రెండోది. ఫుట్‌బాల్‌లో ఓనమాలు తెలియని మీరు కూడా వాళ్లతో కూర్చుని ఒక జట్టు పేరు చెప్పుకుంటే అది నటన అవుతుందా అన్నది మూడోది. మీ మనసంతా ఈ మూడో ప్రశ్న దగ్గరే ఉందని నాకు అనిపించింది. దానికి చివర్లో వస్తాను.

నా అనుభవం ఎక్కడిదో చెప్పాలి. నేను ఖరగ్‌పూర్‌లో తెలుగు కుటుంబంలో పుట్టాను. మా తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే వర్క్‌షాపులో పనికి వచ్చి అక్కడే ఉండిపోయారు. పదేళ్లు కలకత్తాలో ఉద్యోగం చేశాను. ఆ తరవాత పాతికేళ్లకు పైగా దోహాలో నిర్మాణ పనుల పర్యవేక్షకుడిగా ఉన్నాను. మైదానంలో ఆడినవాణ్ణి కాను. ఆట చూసేవాళ్లను చూస్తూ నలభై ఏళ్లు గడిపాను.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. మన భాషకు ఒక వరం ఉంది. ఎదుటివారిని కలుపుకుంటే 'మనం' అంటాం, కలుపుకోకపోతే 'మేము' అంటాం. తమిళ, మలయాళాల్లోనూ ఈ తేడా ఉంది. బెంగాలీలో లేదు, హిందీలో లేదు, ఇంగ్లీషులో లేదు. ఫుట్‌బాల్ అభిమానం చేసే పని ఏమిటని నన్ను అడిగితే, 'మేము' అనుకుంటూ బతికే మనుషుల నోట 'మనం' అనిపించడం అంటాను. అయితే ఆ 'మనం'లోకి మొదట వచ్చి చేరేది అర్జెంటీనా ప్రజలని అనుకోకండి. పక్కింటివాళ్లు వస్తారు, పక్క మంచం మీద పడుకునేవాళ్లు వస్తారు. దూరదేశపు జట్టు వాళ్లందరూ చేతులు వేసి పట్టుకునే గుంజ లాంటిది. ఆ దూరదేశం నుంచి బదులు పలుకు రావడం చాలా అరుదు. 2022లో వచ్చింది. ఆ సంగతి తరవాత చెబుతాను, ఎందుకంటే దాని వేళ్లు ఇంకా వెనక ఉన్నాయి.

నన్ను కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ ఫుట్‌బాల్ క్లబ్బు అభిమానిని చేసింది మా పక్కింటి ముసలమ్మ. 1950 అల్లర్ల తరవాత తూర్పు బెంగాల్‌లోని బరిసాల్ వదిలి వచ్చిన కుటుంబం వాళ్లది. మేము ఆవిడను దిదిమా అని పిలిచేవాళ్లం. ఆవిడ ఏనాడూ మైదానం గడప తొక్కలేదు. రేడియో వింటూ కూరగాయలు తరుగుతూ ఉండేది. ఈస్ట్ బెంగాల్ గెలిచిన సాయంత్రం ఇలిశ్ చేప వండి మా ఇంటికి గిన్నె పంపేది. ఇలిశ్ అంటే మన గోదావరికి ఎదురీది వచ్చే పులసే. ప్రత్యర్థి క్లబ్బు మోహన్ బగాన్ అభిమానుల పండుగ వంట రొయ్యలు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్లను బాంగాల్ అనీ, కలకత్తా వైపు స్థానికులను ఘటీ అనీ అంటారు. వాళ్ల యాసలు వేరు, వంటలు వేరు, క్లబ్బులు వేరు.

ఈస్ట్ బెంగాల్ క్లబ్బు 1920 ఆగస్టు 1న పుట్టింది, దేశ విభజనకు 27 ఏళ్ల ముందు. మోహన్ బగాన్‌తో ఆటకు జోరాబగాన్ జట్టు తమ ప్రాంతపు ఆటగాణ్ణి పక్కన పెట్టిందన్న రోషంలోంచి పుట్టిన క్లబ్బు అది. 1947 తరవాత దాని అర్థమే మారిపోయింది. సరిహద్దు దాటి లక్షల మంది వచ్చారు. వాళ్లు వదిలి వచ్చిన ఊళ్లు మరో దేశంలో ఉండిపోయాయి. కొత్త ఊళ్లో వాళ్ల పేరు 'కాందిశీకులు'. తూర్పు బెంగాల్ అన్న పేరు పటంలో కూడా నిలవలేదు, 1955లో దాన్ని తూర్పు పాకిస్తాన్‌గా మార్చారు. ఆ పేరు గౌరవంగా బతికి ఉన్న చోటు కలకత్తాలో ఒకటి కనిపించేది: ఎరుపు, బంగారు రంగుల చొక్కాలు వేసుకున్న పదకొండు మంది. దిదిమాకు ఆ క్లబ్బు పేరు వింటే తన ఊరి పేరు విన్నట్టే ఉండేది.

ఇక్కడ ఒక విషయాన్ని నేను ఎవరికి చెప్పినా నిదానంగా చెబుతాను. ఆ కాందిశీకుల గుండె నింపిన వీరులు ఎవరు? 1949 నుంచి ఈస్ట్ బెంగాల్ దాడిని నడిపిన అయిదుగురిని పంచపాండవులని పిలిచేవారు: అహ్మద్ ఖాన్, సాలే, వెంకటేశ్, ధన్‌రాజ్, అప్పారావు. అయిదుగురూ దక్షిణాది వాళ్లే. వాళ్లలో ఒక్కరు కూడా బెంగాలీ కాదు. 1949లో కలకత్తా లీగు, ఐఎఫ్ఏ షీల్డు, రోవర్స్ కప్పు మూడూ ఒకే ఏడాది గెలిచారు. మత కల్లోలంలో ఇల్లు పోగొట్టుకుని వచ్చిన హిందూ కాందిశీకులు అహ్మద్ ఖాన్‌ను, సాలేను తలమీద పెట్టుకున్నారు. ఆ రోజుల్లో కలకత్తాలో అలా జరిగిందంటే, దాన్ని నేను చిన్న విషయంగా చూడలేను. దిదిమా ఇంట్లో గోడ మీద దేవుడి పటాల పక్కన అహ్మద్ ఖాన్ ఫొటో ఉండేది, పత్రికలోంచి కత్తిరించి గంజితో అతికించినది.

ఆ దారిలోనే సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి తులసీదాస్ బలరాం వచ్చాడు. భారత జట్టు కోచ్ రహీం సాహెబ్ శిష్యుడు, 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్ ఆడినవాడు. 1961లో ఈస్ట్ బెంగాల్‌కు నాయకుడయ్యాడు. ఆట మానేశాక కూడా బెంగాల్ వదలలేదు. హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పాడాలో స్థిరపడి 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. 'మా బలరాం' అని బెంగాలీలు అనేవారు. నేను వాళ్లతో మాట్లాడేటప్పుడు దాన్ని 'మన బలరాం' అని అనువదించుకునేవాణ్ణి.

సరిహద్దు అవతలి కథ కూడా చెప్పాలి. 1971లో ముక్తి యుద్ధం నడుస్తున్నప్పుడు తూర్పు పాకిస్తాన్ నుంచి తప్పించుకు వచ్చిన ఆటగాళ్లు స్వాధీన్ బాంగ్లా పేరుతో ఒక జట్టు కట్టారు. జకారియా పింటూ నాయకుడు. ఆ జూలైలో నదియా జిల్లా కృష్ణనగర్‌లో తొలి ఆట ఆడారు. ఆట మొదలయ్యే ముందు బంగ్లాదేశ్ జెండా ఎగరేశారు. ఆ పేరుతో ఒక దేశాన్ని భారత్ గుర్తించింది డిసెంబర్ 6న. అంటే, ప్రభుత్వాలు అవునని అనకముందే ఒక ఫుట్‌బాల్ మైదానంలో ఆ జెండా ఎగిరింది. ఆట 2-2తో సమమైంది. తరవాత వాళ్లతో మోహన్ బగాన్ ఆడాలనుకుంటే నియమాలు అడ్డొచ్చాయి. అందుకని తమ పాతతరం దిగ్గజం గోష్ఠ పాల్ పేరు పెట్టుకుని మోహన్ బగాన్ ఆటగాళ్లు బరిలోకి దిగారు. అలా ఊరూరా ఆడి పోగుచేసిన డబ్బు యుద్ధ నిధికి వెళ్లింది. మీ గదిలోని బంగ్లాదేశ్ మిత్రుల్ని ఈ జట్టు గురించి అడిగి చూడండి. వాళ్ల ముఖంలో ఏమి కనిపిస్తుందో మీరే చూస్తారు.

ఇప్పుడు అర్జెంటీనా సంగతి. చాలామంది దీన్ని మెస్సీతో మొదలుపెడతారు. అది 1986తో మొదలైంది. జూన్ 22న మెక్సికో నగరంలో అర్జెంటీనా, ఇంగ్లండ్ క్వార్టర్ ఫైనల్. మనకు రాత్రి పదకొండున్నర. నేనప్పుడు కలకత్తాలో ఉన్నాను. మా మేడ మొత్తానికి ఒకే టీవీ, దాని ముందు యాభై మంది. మారడోనా చేత్తో కొట్టిన మొదటి గోలు మీద అందరూ వాదులాడుకుంటుండగానే, మైదానం మధ్య నుంచి ఇంగ్లండ్ వాళ్లను ఒక్కొక్కరినే దాటుకుంటూ వెళ్లి రెండోది కొట్టాడు. ఆ క్షణంలో లేచిన అరుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. నా వెనక నిలబడ్డ పెద్దాయన, విశ్రాంత గుమాస్తా, 'తెల్లవాళ్లను ఒక్కడే ఓడించాడు' అన్నాడు. అర్జెంటీనా వాళ్లు ఆ ఆటలో చూసుకున్నది నాలుగేళ్ల కిందట బ్రిటన్‌తో జరిగిన మాల్వినాస్ (ఫాక్‌లాండ్) దీవుల యుద్ధం. ఆ పెద్దాయనకు ఆ దీవులు ఎక్కడున్నాయో తెలియదు. ఆయన చూసింది 1911ని. ఆ ఏడాది జూలై 29న మోహన్ బగాన్ ఆటగాళ్లు, ఒక్కరు తప్ప అందరూ ఉత్త పాదాలతో, బ్రిటిష్ సైన్యపు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2-1తో ఓడించి ఐఎఫ్ఏ షీల్డు గెలిచారు. ఒకే గోలు, రెండు జ్ఞాపకాలు. ఢాకాలో కూడా ఆ రాత్రి ఇదే జరిగిందని నా స్నేహితులు చెబుతారు. అందుకే 1994లో మారడోనాను ప్రపంచకప్ నుంచి పంపేసినప్పుడు ఢాకా వీధుల్లో ఊరేగింపులు జరిగాయి.

పండితులు ఇక్కడ ఠాగూర్‌ను తీసుకొస్తారు. 1924లో ఆయన జబ్బుపడి బ్యూనస్ ఐరిస్ పక్కన సాన్ ఇసిద్రోలో రచయిత్రి విక్టోరియా ఒకాంపో అతిథిగా ఉన్న మాట నిజం. ఆమెను విజయ అని పిలుచుకున్న మాటా నిజం. అది అందమైన కథ. అయితే బంగ్లాదేశ్‌లోని నోవాఖాలీ కుర్రవాడు నీలి, తెలుపు చారల చొక్కా కొనడానికి ఆ కథ కారణమని నేను నమ్మను. అతని తండ్రి టీవీ ముందు ఏడ్చాడు కాబట్టి కొన్నాడు. అభిమానం తండ్రి నుంచి కొడుక్కు వచ్చే ఆస్తి. అర్జెంటీనా 1986 తరవాత 36 ఏళ్లు ప్రపంచకప్ గెలవలేదు. గెలుపు రుచే ఎరగని ఒక తరం ఆ జట్టును పట్టుకుని పెరిగింది. ఓటమిలో కూడా తండ్రి పక్కన కూర్చోవడం వాళ్లకు దక్కింది.

మరొక మాట. అందరూ అర్జెంటీనా వాళ్లే అయితే ఈ బంధం నిలిచేది కాదు. బ్రెజిల్ వాళ్లు కావాలి. బంగ్లాదేశ్‌లో ప్రపంచకప్ వచ్చిందంటే ఒక మేడ మీద పసుపు జెండా, పక్క మేడ మీద నీలి జెండా. అన్న ఒకటి, తమ్ముడు ఒకటి. కేరళలోనూ అంతే. 2022లో కోళికోడ్ జిల్లా పుల్లావూర్‌లో ఏటి మధ్య లంక మీద మెస్సీ నిలువెత్తు బొమ్మ పెట్టారు. వారం తిరగకుండా బ్రెజిల్ వాళ్లు అంతకంటే ఎత్తుగా నెయ్‌మార్‌ను నిలబెట్టారు. తరవాత రొనాల్డో వచ్చాడు. ఆ బొమ్మల ఫొటో ప్రపంచమంతా తిరిగింది. అదే ఏడాది కొచ్చి దగ్గర ముండక్కముగళ్ అనే ఊళ్లో 17 మంది మిత్రులు 23 లక్షల రూపాయలు పోగుచేసి ఒక ఇల్లే కొన్నారు, అందరూ కలిసి ప్రపంచకప్ చూడటానికి. ఆ 17 మందిలో బ్రెజిల్ వాళ్లు, అర్జెంటీనా వాళ్లు, పోర్చుగల్ వాళ్లు ఉన్నారు. నాకు ఈ ఇల్లు చాలా ఇష్టమైన ఉదాహరణ. వాళ్లు వాదించుకోవడానికి ఇల్లు కొన్నారు. నియమం తెలిసిన తగాదా, రేపు ఉదయం మళ్లీ టీ కొట్టు దగ్గర కలుస్తామని తెలిసిన తగాదా, పొరుగువాళ్లను చాలా దగ్గర చేస్తుంది. మన పల్లెల్లో కోడిపందేల దగ్గర, చెడుగుడు దగ్గర చూసిందే ఇది.

2022కు వస్తాను. నవంబర్ 22 మధ్యాహ్నం ఒంటిగంటకు అర్జెంటీనా, సౌదీ అరేబియా ఆట. మా సైటులో భోజన విరామం. నోవాఖాలీ జిల్లా క్రేన్ ఆపరేటర్ ఒకతను నా పక్కన కూర్చుని ఫోనులో చూస్తున్నాడు. మెస్సీ పెనాల్టీ కొట్టాడు. రెండో సగంలో సౌదీ అయిదు నిమిషాల తేడాతో రెండు గోల్స్ కొట్టి గెలిచింది. అతని అన్నలిద్దరూ సౌదీలోనే పనిచేస్తారు. ఆ గెలుపుకు సౌదీ రాజు మరునాడు సెలవు ప్రకటించాడు. అన్నలు ఫోను చేసి సెలవు దొరికిందని చెప్పారు, చెబుతూనే ముగ్గురూ ఏడ్చారు. వాళ్లకు తిండి పెడుతున్న దేశం గెలిచింది, వాళ్లు తమదనుకున్న జట్టు ఓడింది. ఆ రోజు అతణ్ణి చూసినప్పుడు నాకు తెలిసింది: జీతం ఇచ్చిన చోటుకు మనిషి తన మనసును కూడా జీతానికి ఇవ్వడు. ఎక్కడ పెట్టాలో తానే నిర్ణయించుకుంటాడు.

నాలుగు రోజులకు మెక్సికోతో ఆట, రాత్రి పది గంటలకు. ఇండస్ట్రియల్ ఏరియాలో ఆసియన్ టౌన్ క్రికెట్ స్టేడియంలో పెద్ద తెర పెట్టారు. వేలాది మంది కార్మికులు గడ్డి మీద కూర్చున్నారు. మెస్సీ 64వ నిమిషంలో గోలు కొట్టగానే నా చుట్టూ లేచిన మనుషులు ఏ దేశం వాళ్లో నేను చూడలేదు. అదే సమయానికి ఢాకాలో రాత్రి రెండు దాటింది. విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఇసుక వేస్తే రాలనంత జనం. ఆ దృశ్యాలు ఫోన్లలో ప్రపంచమంతా తిరిగి అర్జెంటీనాకు చేరాయి. అప్పుడు జరిగింది నేను ఎన్నడూ ఊహించనిది. అర్జెంటీనా జట్టు తన అధికారిక ఖాతాలో బంగ్లాదేశ్‌కు కృతజ్ఞతలు చెప్పింది, మాలాగే వీళ్లకూ పిచ్చి అని. కోచ్ స్కలోనీ కూడా పేరు పెట్టి చెప్పాడు.

అంతటితో ఆగలేదు. అర్జెంటీనా వాళ్లు బంగ్లాదేశ్ క్రికెట్ జట్టుకు అభిమానులమని ఫేస్‌బుక్‌లో ఒక బృందం పెట్టుకున్నారు. కొద్ది రోజుల్లోనే లక్షమందికి పైగా చేరారు. క్రికెట్ అంటే ఏమిటో తెలియనివాళ్లు ఓవరంటే ఎన్ని బంతులని అడుగుతుంటే బంగ్లాదేశీయులు ఓపిగ్గా నేర్పారు. డిసెంబర్ 4న మీర్‌పూర్‌లో భారత్ మీద బంగ్లాదేశ్ ఒక్క వికెట్ తేడాతో గెలిచింది. చివరి వికెట్‌కు మెహిదీ హసన్ మిరాజ్, ముస్తాఫిజుర్ కలిసి 51 పరుగులు చేశారు. ఆ గెలుపుకు అర్జెంటీనాలో జనం సంబరం చేసుకున్నారు. మన జట్టు ఓడింది కదా, నాకు బాధగానే ఉంది. కానీ క్రేన్ ఆపరేటర్ నా దగ్గరికి వచ్చి ఫోను చూపించి, 'దాదా, వాళ్లు మా ఆట చూస్తున్నారు' అన్నప్పుడు అతని కళ్లలో కనిపించింది క్రికెట్ గెలుపు కంటే పెద్దది. జీవితమంతా అవతలివాళ్లను చూస్తూ గడిపినవాణ్ణి అవతలివాళ్లు తిరిగి చూశారు.

దాని ఫలితం ఫేస్‌బుక్‌తో ఆగిపోలేదు. అర్జెంటీనా సైనిక పాలకులు 1978లో ఢాకాలోని రాయబార కార్యాలయాన్ని మూసేశారు. 2023 ఫిబ్రవరి 27న విదేశాంగ మంత్రి సాంటియాగో కఫియేరో వచ్చి దాన్ని మళ్లీ తెరిచారు. వాణిజ్య కారణాలు ఉన్నాయి, అవి లేకుండా ఏ ప్రభుత్వమూ కార్యాలయం తెరవదు. అయినా ఆ తలుపు తట్టింది అభిమానులే. మీ రెండో ప్రశ్నకు నా దగ్గర ఉన్న గట్టి జవాబు ఇదే.

ఇక నన్ను ఇప్పటికీ బాధించే విషయం. ప్రపంచకప్ మొదలవుతున్న రోజుల్లో దోహా వీధుల్లో కేరళవాళ్లు, బంగ్లాదేశీయులు, మన తెలుగువాళ్లు ఇంగ్లండ్, బ్రెజిల్, అర్జెంటీనా చొక్కాలతో డప్పులు కొట్టుకుంటూ నడిచారు. వాళ్లు డబ్బులిచ్చి తెచ్చిన నకిలీ అభిమానులని కొందరు యూరప్ పాత్రికేయులు రాశారు. వాళ్ల లెక్కలో ఇంగ్లండ్ అభిమాని ఇంగ్లండ్‌లో పుట్టినవాడే కావాలి, తెల్లవాడే కావాలి. బెక్హాం ఆటను పాతికేళ్లుగా రాత్రిళ్లు మేలుకుని చూసినవాడి ప్రేమకు రుజువు పత్రం అడిగారు. ఆ క్లబ్బుల చొక్కాలు ఆసియాలో అమ్ముకునేటప్పుడు, టీవీ హక్కుల డబ్బు తీసుకునేటప్పుడు ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు. ఆ స్టేడియాలు కట్టిన చేతుల్లో చాలా చేతులు ఈ అభిమానులవే. వాళ్లలో కొందరు ఇంటికి ప్రాణాలతో తిరిగి వెళ్లలేదు. నేను ఇండస్ట్రియల్ ఏరియాలో చూసిన కన్నీళ్లు నకిలీవని ఎవరైనా నా ముందు అంటే నేను ఊరుకోను.

మీరు అనుకోవచ్చు, ఈయన ఒక పక్కే చెబుతున్నాడని. అభిమానానికి హద్దులు లేవని నేను అనడం లేదు. 1990 జూలై 3న నేపుల్స్‌లో ఇటలీ, అర్జెంటీనా సెమీఫైనల్. మారడోనా అప్పుడు నేపుల్స్ క్లబ్బు ఆటగాడు, 1987లో, 1990లో ఆ పేద దక్షిణాది నగరానికి లీగు తెచ్చిపెట్టినవాడు. ఉత్తర ఇటలీ మైదానాల్లో నేపుల్స్ వాళ్లను వెసూవియస్ అగ్నిపర్వతం కడిగేయాలని పాటలు పాడేవారు. మారడోనా ఆ గాయం మీదే వేలు పెట్టాడు: ఏడాదిలో 364 రోజులు మిమ్మల్ని పరాయివాళ్లుగా చూసి, ఒక్క రోజు ఇటాలియన్లుగా ఉండమంటున్నారని. నగరం ఏ పక్క నిలబడాలో తేల్చుకోలేకపోయింది. నీపై ప్రేమ ఉంది, ఇటలీ మా మాతృభూమి అన్న అర్థం వచ్చే గుడ్డ ఒకటి గ్యాలరీలో వేలాడింది. అర్జెంటీనా పెనాల్టీ షూటౌట్‌లో గెలిచింది. అయిదు రోజుల తరవాత రోములో ఫైనల్‌కు ముందు అర్జెంటీనా జాతీయ గీతాన్ని ఈలలతో ముంచేశారు. ఒక మనిషిలో రెండు 'మనం'లు ఉండవచ్చు. అవి ఎదురుపడ్డ రోజున నొప్పి తప్పదు. ఆ గుడ్డ కట్టినవాళ్లు ఆ నొప్పిని దాచుకోలేదు, అందుకే వాళ్లంటే నాకు గౌరవం.

అభిమానం చంపగలదు కూడా. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ ఆట జరుగుతుండగా గ్యాలరీల్లో కొట్లాట రేగి తొక్కిసలాటలో 16 మంది చనిపోయారు. నేను ఆ సాయంత్రం ఖరగ్‌పూర్‌లో రేడియో దగ్గర ఉన్నాను. దిదిమా ఆ రాత్రి పొయ్యి వెలిగించలేదు. బంగ్లాదేశ్‌లో 2021 కోపా అమెరికా ఫైనల్‌కు ముందు బ్రాహ్మణ్‌బారియాలో రెండు వర్గాలు కొట్టుకుంటే పోలీసుల్ని దింపాల్సి వచ్చింది. 1969లో హోండురాస్, ఎల్ సాల్వడార్ మధ్య ప్రపంచకప్ అర్హత ఆటల తరవాత యుద్ధమే వచ్చింది. దాన్ని ఫుట్‌బాల్ యుద్ధమని పిలవడం నాకు నచ్చదు. హోండురాస్‌లో భూముల నుంచి వెళ్లగొట్టబడిన వేలాది సాల్వడార్ రైతుల గొడవ అసలు కారణం. ఎండిన గడ్డివాము ముందే ఉంది, ఆట నిప్పురవ్వ అయింది. ఎక్కడ అభిమానం విషమైందో చూస్తే అక్కడ భూమో, అధికారమో, ఓట్లో వెనక నిలబడి ఉంటాయి.

ఇదే కలకత్తాలో 2024 ఆగస్టు 18న డ్యూరాండ్ కప్పు పోటీని అధికారులు రద్దు చేశారు. ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో యువ వైద్యురాలి హత్య మీద నగరం అట్టుడుకుతున్న సమయం. ఆట లేకపోయినా ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మొహమ్మదన్ స్పోర్టింగ్ అభిమానులు సాల్ట్ లేక్ స్టేడియం బయట ఒక్కటిగా నిలబడి న్యాయం అడిగారు. వందేళ్లుగా కొట్లాడుకున్న రంగులు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి కనిపించాయి. ఆ ఫొటో మా అబ్బాయి పంపితే చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

రహీం సాహెబ్ పేరు ఎత్తాను కాబట్టి ఇంకొకటి చెప్పాలి. హైదరాబాద్‌లో పుట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం 1962లో భారత జట్టును జకార్తా ఏషియాడ్‌కు తీసుకెళ్లారు. క్యాన్సర్ అప్పటికే ఒంట్లో ఉంది. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వనందుకు అభ్యంతరం చెప్పిన భారత అధికారి మీద కోపంతో ఇండొనేసియా జనం మన జట్టు కనిపిస్తే చాలు అరిచి గోల చేసేవారు. ఫైనల్లో దక్షిణ కొరియాను మనవాళ్లు 2-1తో ఓడించారు. అంత పెద్ద స్టేడియంలో తమ కోసం చప్పట్లు కొట్టినవాళ్లు పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లని ఆ జట్టు సభ్యులు తరవాత ఎన్నోసార్లు చెప్పుకున్నారు. హాకీ ఫైనల్లో మనల్ని ఓడించిన జట్టే అది. పరాయి నేల మీద, వేల గొంతులు ఎదురుగా ఉన్నప్పుడు, పక్కింటివాడి గొంతు సొంత గొంతులా వినిపిస్తుంది. మీకు ఇది నేను వివరించనక్కర్లేదు, మీరు దోహాలో ఉన్నారు.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న. నాకు తెలిసి మీరు నటించాల్సింది ఏమీ లేదు. ఆట నియమాలు తెలిశాకే కూర్చోవాలని లేదు, దిదిమాకు ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో చనిపోయేదాకా తెలియదు. మీ మిత్రుణ్ణి, 'నీకు ఈ జట్టు ఎలా పరిచయమైంది' అని అడగండి. అతను తండ్రి గురించో, ఊళ్లో టీవీ గురించో చెబుతాడు. అది విన్నాక మీకు అర్జెంటీనా నచ్చితే సరే, అతణ్ణి ఏడిపించడానికి బ్రెజిల్ పక్కన మలయాళీలతో కూర్చున్నా సరే. ఓడిన రోజున అతని పళ్లెంలో అన్నం పెట్టి పక్కన కూర్చోండి. వీలైతే మీరూ ఆ పూట ఆలస్యంగా తినండి.

2022 డిసెంబర్ 18న ఫైనల్ రాత్రి మేం తొమ్మిది మందిమి ఒక గదిలో ఉన్నాం. 3-3 అయ్యాక పెనాల్టీలు. క్రేన్ ఆపరేటర్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు, చూడలేక. ఏమైందో నేను చెబుతుంటే వింటున్నాడు. మోంటియేల్ చివరి పెనాల్టీ కొట్టగానే వెనక్కి తిరిగి నన్ను గట్టిగా పట్టుకుని, 'ఆమ్‌రా జితే గేఛి దాదా' అన్నాడు, గెలిచేశాం దాదా అని. అదే సమయానికి మా ఆవిడ ఖరగ్‌పూర్ నుంచి ఫోను చేసి, ఆ అరుపులేమిటి, ఎవరు గెలిచారని అడిగింది. 'మనం' అని చెప్పాను.